కేరో, ఇల్లినాయ్: రెండు మహానదులు కలిసేచోట ఊరు ఎందుకు ఖాళీ అయింది?

పటాలప్రియ (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. షికాగో, డాలస్ లాంటి నగరాల గురించి ఈ వేదికలో చాలా మాట్లాడుకున్నాం. ఈసారి ఒక చిన్న ఊరి గురించి అడుగుతున్నాను.

ఇల్లినాయ్ రాష్ట్రపు దక్షిణ కొసన, ఒహాయో నది మిసిసిపీలో కలిసేచోట కేరో ఉంది. పడమట మిసిసిపీ, అది దాటితే మిస్సోరీ రాష్ట్రం. తూర్పున ఒహాయో, అది దాటితే కెంటకీ. దక్షిణాన రెండు నదులూ కలిసే కొన. ఊరి చుట్టూ కరకట్టలు, వరద గోడలు. షికాగో ఉన్న రాష్ట్రమే అయినా ఈ ఊరు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ కంటే కూడా దక్షిణంగా ఉంటుంది. పిట్స్‌బర్గ్‌లో మొదలైన ఒహాయో 981 మైళ్లు పారి ఇక్కడ ముగుస్తుంది. ఎగువ మిసిసిపీ అనేది కూడా ఇక్కడితో అయిపోయి, ఇక్కడి నుంచి సముద్రం దాకా దిగువ మిసిసిపీ అంటారు.

పటం మీద ఈ చోటు చూసిన ఎవరికైనా ఇక్కడ ఒక మహానగరం ఉండాలనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టుబడిదారులూ అలాగే అనుకున్నారు. జనగణన లెక్కలు చూడండి:

1860లో 2,188
1870లో 6,267
1920లో 15,203
1960లో 9,348
1970లో 6,277
2000లో 3,632
2010లో 2,831
2020లో 1,733

వందేళ్లలో తొమ్మిది వంతుల్లో ఎనిమిది వంతుల జనం పోయారు. నది ఎక్కడికీ పోలేదు, నేల అక్కడే ఉంది. మరి జనం ఎందుకు వెళ్లిపోయారు? తెలిసినవాళ్లు వివరంగా రాయాలని కోరుతున్నాను.

---

స్టీమరురేవు

మంచి ప్రశ్న వేశారు. నా దృష్టిలో జవాబు రవాణాలో ఉంది.

కేరోకు విలువ ఎందుకు వచ్చిందో ముందు చూడాలి. 1850లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం మొదటిసారిగా ఒక రైలు మార్గానికి భూములు ఇచ్చింది. అదే ఇల్లినాయ్ సెంట్రల్. ఆ మార్గం 1856కల్లా పూర్తయింది. దాని దక్షిణపు కొస కేరో. రైలు అక్కడ ఆగిపోతుంది, సరుకు దిగుతుంది, స్టీమరు ఎక్కుతుంది, న్యూ ఆర్లీన్స్ దాకా వెళ్తుంది. తర్వాతి రోజుల్లో రైలు పెట్టెల్నే పెద్ద పడవల మీదికి ఎక్కించి ఒహాయో దాటించేవారు. సరుకు ఎక్కడ ఒక బండి దిగి మరో బండి ఎక్కుతుందో అక్కడ కూలీలు, గిడ్డంగులు, పూటకూళ్ల ఇళ్లు, గుమాస్తాలు, బ్యాంకులు వస్తాయి. కేరో బతుకంతా ఆ దించడం, ఎక్కించడం మీదే నడిచింది.

అంతర్యుద్ధం దీనికి తోడైంది. 1861 సెప్టెంబరులో ఉత్తరాది సైన్యపు జనరల్ గ్రాంట్ ఇక్కడ మకాం పెట్టాడు. దక్షిణాదికి వెళ్లే సైన్యమూ సరంజామా అంతా ఈ రేవు మీదుగానే కదిలాయి. 1860 నుంచి 1870కి జనాభా దాదాపు మూడింతలు కావడం వెనుక ఇది ఉంది.

ఇక పతనం. 1889లో ఒహాయో మీద రైలు వంతెన పూర్తయింది. ఊరి పెద్దలు పండగ చేసుకున్నారు, కానీ ఆ రోజు నుంచి రైలుకు కేరోలో ఆగాల్సిన పని లేకపోయింది. 1905లో కొంచెం ఎగువన థీబ్స్ దగ్గర మిసిసిపీ మీద మరో రైలు వంతెన వచ్చింది. రోడ్డు వంతెనలు 1929లో మిసిసిపీ మీద, 1938లో ఒహాయో మీద వచ్చాయి. దాంతో బల్లకట్లు కూడా పోయాయి. చివరగా ఐ-57 రహదారి. 1978లో దాని వంతెన తెరిచేసరికి షికాగో నుంచి మెంఫిస్ వైపు వెళ్లే వాహనం ఊళ్లోకి రాకుండానే మిసిసిపీ దాటిపోతోంది. ఒక్కో వంతెన కట్టినప్పుడల్లా కేరోలో ఆగడానికి ఉన్న ఒక్కో కారణం పోయింది.

---

దక్షిణ_ఇల్లినాయ్

స్టీమరురేవు గారూ, మీరు రాసినవన్నీ నిజాలే. అయినా వాటితోనే లెక్క సరిపోదంటాను. నేను కార్బన్‌డేల్‌లో చాలా కాలంగా ఉంటున్నాను, ఈ చుట్టుపక్కల ఊళ్లు బాగా తెలుసు.

ఒహాయో మీద కొంచెం ఎగువన కెంటకీలో పడూకా ఉంది. 2020లో జనాభా 27 వేలు పైచిలుకు. మిసిసిపీ మీద ఎగువన మిస్సోరీలో కేప్ జిరార్డో ఉంది. 39 వేలు దాటింది. రెండూ కేరోకు గంట లోపు దూరమే. రెండూ రేవు పట్టణాలే. స్టీమర్ల కాలం వాటికీ పోయింది. వంతెనలు వాటికీ వచ్చాయి. అవి నిలబడ్డాయి, కేరో పడిపోయింది. రవాణా ఒక్కటే కారణమైతే మూడూ కలిసి పడాలి కదా?

---

స్టీమరురేవు

మంచి అభ్యంతరమే. కానీ ఆ రెండింటి వెనుకా ఎత్తయిన మెరక నేల ఉంది, ఊరు పెరగడానికి చోటు ఉంది. కేప్ జిరార్డోలో విశ్వవిద్యాలయం ఉంది. కేరోకు చుట్టూ నీళ్లు, ఊరి హద్దుల్లో మొత్తం సుమారు 7 చదరపు మైళ్ల నేల. పైగా వరద భయం. ఇంట్లో పెట్టుబడి పెట్టేవాడు కరకట్ట వైపు చూడకుండా ఉంటాడా?

---

ఏటిగట్టు

నీళ్ల మాట వచ్చింది కాబట్టి నేను రాస్తాను. గోదావరి కరకట్టల మీద నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా అబ్బాయి సెయింట్ లూయిస్‌లో ఉండటం వల్ల కేరో కట్టలు చూసే అవకాశం దొరికింది.

ముందుగా ఒక విషయం. అక్కడ కలిసే రెండు నదుల్లో ఎక్కువ నీరు తెచ్చేది మిసిసిపీ అనుకుంటాం. నిజానికి ఒహాయోదే పెద్ద చెయ్యి. సగటున చూస్తే కేరో దగ్గర ఒహాయో ప్రవాహం ఎగువ మిసిసిపీ కంటే ఎక్కువ. రెండు నీళ్ల రంగులూ వేరు. సంగమం కొన దగ్గర నిలబడితే ఆ గీత కొంత దూరం దాకా కంటికి కనిపిస్తుంది.

కేరోకు మూడు వైపులా కట్టలూ కాంక్రీటు గోడలూ ఉన్నాయి. ఉత్తరాన భూమితో కలిసే వైపు కూడా అడ్డుకట్ట ఉంది. ఆ కట్ట మీద రైలు పట్టాలు, దాని కింద నుంచి ఊళ్లోకి పోయే రోడ్డు, ఆ దారికి పైనుంచి దించే భారీ ఉక్కు తలుపు. అది దించితే ఊరు దీవి. అక్కడి కొలబద్ద మీద 40 అడుగులు దాటితే వరద అని లెక్క. గోడలు సుమారు 64 అడుగుల మట్టాన్ని ఆపేలా కట్టారు.

1927 వరద తర్వాత 1928లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం మిసిసిపీకి పడమటి ఒడ్డున, మిస్సోరీ వైపు, సుమారు 1,30,000 ఎకరాల పొలాన్ని వరద మళ్లింపు కోసం కేటాయించారు. బర్డ్స్ పాయింట్ నుంచి న్యూ మాడ్రిడ్ వరకు ఉన్న నేల అది. కేరో దగ్గర మట్టం ప్రమాదకరంగా పెరిగితే నది పక్కనున్న కట్టకు గండి కొట్టి నీటిని ఆ పొలాల మీదికి వదలాలి. మొదటిసారి 1937లో వదిలారు. రెండోసారి 2011లో.

2011 మే 2న కేరో కొలబద్ద 61.72 అడుగులు చూపింది. అంతకు ముందు రికార్డు 1937 నాటి 59.5. ఊళ్లో కట్ట లోపలి వైపు నేలలోంచి నీళ్లు ఉబికి, ఇసుక పైకి తన్నుకొచ్చింది. మన దగ్గర కట్టకు బుంగ పడింది అంటామే, అదే జాతి ప్రమాదం. కట్ట మీది నుంచి నీరు పొర్లడం కంటే ఈ బుంగలే నాకు ఎప్పుడూ ఎక్కువ భయం. పైకి కట్ట గట్టిగానే కనిపిస్తుంది, అడుగున ఇసుక కొట్టుకుపోతూ ఉంటుంది. ఇసుక బస్తాలతో దాని చుట్టూ గుండ్రంగా కట్టి, లోపల నీటిని ఎత్తు పెంచి ఒత్తిడి సమం చేయాలి. అక్కడా అదే చేశారు. ఆ రాత్రి సైన్యపు ఇంజినీర్ల విభాగం మిస్సోరీ కట్టలో ముందే అమర్చి ఉన్న పైపుల్లోకి ద్రవ పేలుడు పదార్థం నింపి, సుమారు 2 మైళ్ల మేర పేల్చేసింది. కేరో దగ్గర మట్టం దిగడం మొదలైంది.

నాకు 1986 ఆగస్టు గుర్తుంది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. కేరో దగ్గర వ్యవస్థనంతా రూపొందించింది 23.6 లక్షల క్యూసెక్కుల వరదకు. అంటే ఒక్కసారిగా వచ్చే ఉధృతిలో గోదావరే ఎక్కువ. కానీ మన వరద రోజుల్లో దిగిపోతుంది, వాళ్లది వారాల తరబడి కట్టను నానబెడుతుంది. ఆ తేడా కట్ట కాపలా కాసిన వాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మాట. 1937లో పడూకా నిలువునా మునిగింది. ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. కేరో మునగలేదు. 2011లోనూ మునగలేదు. మునిగిన ఊరు 27 వేల జనంతో ఉంది. మునగని ఊరు 1,733కి వచ్చింది. కాబట్టి దయచేసి నేరం నది మీద వేయకండి.

---

కొత్తసభ్యురాలు

ఏటిగట్టు గారూ, ఆ 1,30,000 ఎకరాల్లో మనుషులు ఉండేవారా?

---

ఏటిగట్టు

ఉండేవారమ్మా. సుమారు 90 ఇళ్లు. వాటిలో పిన్‌హుక్ అనే చిన్న పల్లె ఒకటి. నల్లజాతి రైతులు సొంత భూములు కొనుక్కుని, తమంతట తాము కట్టుకున్న ఊరు. 2011లో నీళ్లు వదిలినప్పుడు అది పూర్తిగా పోయింది. కేరోను కాపాడటం సరైన నిర్ణయమే అని ఇంజినీరుగా నేను అంటాను. 1928 నుంచి చట్టంలో రాసి ఉన్న పనే అది. కానీ పిన్‌హుక్ వాళ్లకు మళ్లీ అలాంటి ఊరు కట్టివ్వకుండా చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. మన ముంపు గ్రామాల్లో పునరావాసం ఎలా నడుస్తుందో చూసినవాణ్ణి కాబట్టి ఈ బాధ నాకు కొత్త కాదు.

---

దక్షిణ_ఇల్లినాయ్

ఆ రోజుల్లో జరిగిన ఇంకో సంగతి ఇక్కడివాళ్లు మరచిపోలేదు. మిస్సోరీ రాష్ట్రం గండి కొట్టవద్దని సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. పొలాలు మునగాలా, కేరో మునగాలా అని అడిగితే మిస్సోరీ ప్రతినిధుల సభ స్పీకరు తడుముకోకుండా కేరోయే మునగాలన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. అప్పటికి ఆ ఊళ్లో 2,800 మంది ఉన్నారు, వాళ్లలో దాదాపు 70 శాతం నల్లజాతీయులు. ఒక ఊరి గురించి అంత తేలిగ్గా అనగలిగారంటే, ఆ ఊరి మనుషుల్ని ఎలా చూశారో తెలుస్తుంది.

---

చరిత్రపంతులు

ఈ మాట కోసమే చూస్తున్నాను. కేరో జనాభా పట్టికను నేను చదివే పద్ధతి వేరు, కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

అంతర్యుద్ధ కాలంలో బానిసత్వం నుంచి తప్పించుకున్న వేల మంది నదుల వెంట పైకి వచ్చి కేరో సైనిక శిబిరంలో ఆశ్రయం పొందారు. బానిసత్వం లేని రాష్ట్రంలో మొదట కాలు పెట్టే గడప అది. చాలామంది అక్కడే ఉండిపోయారు. రేవులో మూటలు మోశారు, రైలు పని చేశారు, చర్చిలు, బడులు కట్టుకున్నారు. 1870 నాటి 6,267లో వాళ్లు గణనీయమైన భాగం. ఊరు ఉత్తరాది రాష్ట్రంలోనే ఉంది, ఊరి పెత్తనం మాత్రం దక్షిణాది పద్ధతిలో నడిచింది.

1909 నవంబరు 11న వేల మంది గుంపు విలియం జేమ్స్ అనే నల్లజాతి వ్యక్తిని షెరీఫ్ చేతుల్లోంచి లాక్కుని, ఊరి నడిబొడ్డున కమర్షియల్ అవెన్యూలో ఉరి తీసింది. తాడు తెగితే కాల్చింది. అదే రాత్రి జైల్లో ఉన్న ఒక శ్వేతజాతి ఖైదీని కూడా లాక్కొచ్చి చంపారు. గవర్నరు సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. ఖైదీని కాపాడలేకపోయిన షెరీఫ్‌ను పదవి నుంచి తొలగించారు.

1962లో ఈతకొలను ముందు నిరసన జరిగింది. నల్లజాతి పిల్లలకు అందులో ప్రవేశం లేదు. యువ నాయకుడు జాన్ లూయిస్, ఆ తర్వాత చాలా ఏళ్లు అమెరికా కాంగ్రెసు సభ్యుడిగా ఉన్నాయన, ఒక చిన్న బాలికతో కలిసి దాని ముందు మోకరిల్లి ప్రార్థిస్తున్న ఫోటో ఆ ఉద్యమపు గుర్తుల్లో ఒకటి. అందరినీ రానివ్వడం కంటే మూసేయడమే నయమనుకున్నారు. కొలను మూతపడింది. చివరికి సిమెంటుతో పూడ్చేశారు. ఆ కొలను శ్వేతజాతి పిల్లలకు కూడా లేకుండా పోయిందని గమనించండి.

1967 జులైలో సెలవు మీద వచ్చిన 19 ఏళ్ల నల్లజాతి సైనికుడు పోలీసు ఠాణాలో శవమై కనిపించాడు. ఆత్మహత్య అన్నారు. ఊరు నమ్మలేదు. అల్లర్లు జరిగాయి, రాష్ట్రపు సైనిక దళం నేషనల్ గార్డు దిగింది. ఆ వెనుక తెల్ల టోపీల పేరుతో ఆయుధాలు పట్టిన ఒక శ్వేతజాతి దళం తయారైంది. పిరమిడ్ కోర్ట్స్ అనే నల్లజాతి నివాస సముదాయం మీద రాత్రిళ్లు తుపాకులు పేలాయి. 1969లో యునైటెడ్ ఫ్రంట్ అనే నల్లజాతీయుల హక్కుల సంఘం ఏర్పడి, నల్లజాతీయులకు ఉద్యోగాలివ్వని దుకాణాలను బహిష్కరించింది. కొనేవాళ్లలో వాళ్లు పెద్ద భాగం. అయినా చాలామంది దుకాణదారులు ఒక నల్లజాతి గుమాస్తాను పెట్టుకోలేదు, దుకాణమే మూసుకుని వెళ్లిపోయారు. 1972లో సమాఖ్య పౌరహక్కుల కమిషన్ అక్కడికి వచ్చి విచారణ జరిపింది.

కమర్షియల్ అవెన్యూలో ఇప్పుడు కనిపించే ఖాళీ స్థలాల ఫోటోలు చూసి, పాపం కాలం మారింది అంటారు. కాలం ఒక్కటే కాదండీ. మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయాలు ఉన్నాయి అందులో.

---

స్టీమరురేవు

చరిత్రపంతులు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక లెక్క మీ ముందు పెడతాను. 1920 నుంచి 1960 మధ్యే 15,203 కాస్తా 9,348 అయింది. అంటే బహిష్కరణకు, తుపాకులకు ముందే ఆరు వేల మంది దాకా తగ్గారు. రేవు పని పోవడం వల్లే వాళ్లు వెళ్లారని నేను ఇప్పటికీ అంటాను.

---

చరిత్రపంతులు

అదే లెక్క మరోలా చూద్దాం. ఆ నలభై ఏళ్లలో 38 శాతం తగ్గారు. ఆ తర్వాత ఒక్క 1960 నుంచి 1970 దాకా, పదేళ్లలోనే, మూడో వంతు పోయారు. నెమ్మదిగా దిగుతున్న గీత ఒక్కసారిగా విరిగింది ఆ దశాబ్దంలోనే. పని పోయిన ఊళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటికి కొత్త పని వచ్చింది. మీరు కర్మాగారం యజమాని అయితే 1970లో ఆ ఊళ్లో పెట్టుబడి పెడతారా? నేను పెట్టను. అందుకే మీ కారణాన్నీ నా కారణాన్నీ విడదీయలేమంటాను. రేవు పని పోయినప్పుడు ఊరంతా ఒక్కటై కొత్త దారి వెతకాల్సింది. సగం ఊరు మిగతా సగాన్ని ఊరిగానే లెక్కించలేదు.

---

జనగణన

నేను చదువుతున్నది జనాభా శాస్త్రం. చివరి పదేళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది నేను అందుకుంటాను.

కేరో ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు అలెగ్జాండర్. 2010లో 8,238 మంది, 2020లో 5,240. తగ్గుదల 36.4 శాతం. ఆ దశాబ్దంలో అమెరికా కౌంటీలన్నిటిలోనూ శాతం లెక్కన ఇదే అతి పెద్ద తగ్గుదల. దీని వెనుక కనీసం రెండు ప్రత్యేక కారణాలున్నాయి.

మొదటిది జైలు. అదే కౌంటీలో టామ్స్ అనే పల్లె దగ్గర 1998లో రాష్ట్రం అత్యంత కట్టుదిట్టమైన కారాగారం తెరిచింది. ఉపాధి వస్తుందని స్థానికులు ఆశపడ్డారు. అమెరికా జనగణనలో ఖైదీలను వాళ్ల సొంత ఊళ్లో లెక్కించరు, జైలు ఉన్నచోటే లెక్కిస్తారు. కాబట్టి 2010 లెక్కలో షికాగో నుంచి వచ్చిన ఖైదీలు కూడా ఈ కౌంటీ జనాభాయే. ఖైదీలను ఏకాంతంలో ఉంచే పద్ధతి మీద ఏళ్ల తరబడి నిరసనలు జరిగాయి, ఖర్చు కూడా ఎక్కువైంది. 2013 జనవరిలో మూసేశారు. ఖైదీలు వేరే జైళ్లకు, ఉద్యోగులు వేరే ఊళ్లకు వెళ్లారు. ఆ జైలు మూయడం మంచిదే అని నా అభిప్రాయం. కానీ ఒక పేద కౌంటీకి రాష్ట్రం ఇచ్చిన పెద్ద ఉపాధి జైలే కావడం, అది కూడా పదిహేనేళ్లు నిలవకపోవడం బాధాకరం.

రెండోది కేరో ఊళ్లోనే జరిగింది. ఎల్మ్‌వుడ్, మెక్‌బ్రైడ్ అనే రెండు ప్రభుత్వ గృహ సముదాయాలు. ఏళ్ల తరబడి నిర్వహణ లేక ఎలుకలు, బూజు, పాడైన గొట్టాలు. 2016లో సమాఖ్య గృహ శాఖ స్థానిక గృహ సంస్థను తన చేతుల్లోకి తీసుకుంది. 2017 ఏప్రిల్‌లో బాగుచేయడానికి డబ్బు లేదు, రెండూ ఖాళీ చేయండి అని చెప్పింది. సుమారు 185 కుటుంబాలు, దగ్గర దగ్గర 400 మంది, వాళ్లలో సగం దాకా పిల్లలు. అద్దె సాయం పత్రాలు చేతికిచ్చారు. ఊళ్లో అద్దెకు దొరికే ఇళ్లు దాదాపు లేవు. దాంతో చాలామంది కేప్ జిరార్డోకో, పడూకాకో, ఇంకా దూరానికో వెళ్లారు. 2010 నుంచి 2020కి ఊరు కోల్పోయింది 1,098 మందిని. ఈ ఒక్క నిర్ణయం అందులో ఎంత పెద్ద ముక్కో మీరే చూడండి. బడిలో పిల్లలు తగ్గితే టీచర్లు తగ్గుతారు, నీటి పన్ను కట్టే ఇళ్లు తగ్గితే మిగిలినవాళ్ల మీద భారం పెరుగుతుంది. జనాభా తగ్గుదల ఇలా మరో తగ్గుదలకు దారితీస్తుంది.

---

వైద్యసేవ

ఆసుపత్రి సంగతి చేర్చండి. కేరోలో ఉన్న సెయింట్ మేరీస్ ఆసుపత్రి 1986లో మూతపడింది. అప్పటి నుంచి ప్రసవమైనా గుండెనొప్పి అయినా వంతెన దాటి పక్క రాష్ట్రానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. పేదల వైద్య సాయం పథకాన్ని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నడుపుతుంది కాబట్టి సరిహద్దు దాటితే చికిత్సకు అనుమతుల చిక్కులు వస్తాయి. నేను నర్సుగా పనిచేస్తున్నది వేరే సరిహద్దు ప్రాంతంలో అయినా, ఆ చిక్కులు రోజూ చూస్తున్నాను. రెండు పక్కలా నది, నది అవతల వేరే ప్రభుత్వం. మూడు రాష్ట్రాల కూడలి అని గొప్పగా చెప్పుకునే చోటు రోగికి ఇలా ఉంటుంది.

---

కొత్తసభ్యురాలు

ఈ ఊరి వీడియోలు అంతర్జాలంలో చాలా ఉన్నాయి. అన్నిటి శీర్షికలూ దెయ్యాల ఊరు, చచ్చిపోయిన ఊరు అనే. ఇప్పుడు అక్కడ నిజంగా ఏముంది?

---

దక్షిణ_ఇల్లినాయ్

ఆ శీర్షికలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కారు అద్దం దించకుండా కమర్షియల్ అవెన్యూలో రెండు కూలిన గోడలు చిత్రించి వెళ్లిపోతారు. పక్క వీధిలో పిల్లలు బంతి ఆడుతుంటారు, ఆదివారం చర్చి ముందు కార్లు నిండి ఉంటాయి. 1,733 మంది అంటే 1,733 మంది. మన వైపు ఆ పరిమాణంలో ఉన్న పల్లెను ఎవరైనా చచ్చిపోయిన ఊరు అంటే ఊరుకుంటామా?

ఏముందో చెబుతాను. 1884లో కట్టిన సాఫర్డ్ గ్రంథాలయం ఉంది. ఎర్ర ఇటుక భవనం, లోపల పాత చెక్క పని, అంత అందమైన చిన్న ఊరి గ్రంథాలయాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. 1872 నాటి కస్టమ్స్ భవనం ఇప్పుడు ప్రదర్శనశాల. ఒకప్పుడు ఇంత లోపలి ఊరికి కస్టమ్స్ కార్యాలయం ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే స్టీమరురేవు గారు చెప్పిన వైభవం అర్థమవుతుంది. పిండి మరల వ్యాపారి గాలిగర్ కట్టించిన మాగ్నోలియా మానర్ అనే మేడ ఉంది. కౌంటీ కచేరీ ఈ ఊళ్లోనే.

2015లో ఊళ్లో ఉన్న కిరాణా దుకాణం మూతపడింది. కారు లేని ముసలివాళ్లు కూరగాయల కోసం రాష్ట్రం దాటాలి, లేదంటే డాలరు దుకాణంలో డబ్బా తిండి. ఏళ్ల తరబడి పట్టుబట్టి, వాటాలు పోగుచేసి, 2023లో స్థానికులు రైజ్ పేరుతో సహకార కిరాణా తెరుచుకున్నారు. ఇంత తక్కువ జనంతో కిరాణా నడపడం ఎంత కష్టమో వ్యాపారం చేసినవాళ్లకు తెలుసు. అయినా తెరిచారు. ఆ ఊరి గురించి వీడియో తీయాలంటే అది తీయండి.

---

పటాలప్రియ

ఇంత రాస్తారని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రశ్న మిగిలింది. ఒహాయో మీద, మిసిసిపీ మీద బార్జీలు ఇప్పటికీ వేల టన్నుల ధాన్యం, బొగ్గు మోస్తూ కేరో ముందు నుంచే వెళ్తున్నాయి కదా. రేవు మళ్లీ కట్టలేమా?

---

ఏటిగట్టు

ఆ ప్రయత్నం ఉంది. అలెగ్జాండర్-కేరో రేవు మండలి పేరుతో ఒక సంస్థ పనిచేస్తోంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం 4 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఆలోచనకు ఆధారం ఉంది. కేరోకు దిగువన న్యూ ఆర్లీన్స్ దాకా నది మీద లాకులు లేవు, ఆనకట్టలు లేవు. అక్కడి నుంచి కిందికి వెళ్లే బార్జీల బారు చాలా పెద్దదిగా ఉండొచ్చు. పైనుంచి వచ్చే చిన్న బారులను విడగొట్టి, పెద్ద బారుగా కట్టే పని ఇప్పటికే ఆ చుట్టుపక్కల నీళ్ల మీద నడుస్తోంది. రైలు ఉంది, ఐ-57 ఉంది.

నా సందేహం ఒకటే. రేవంటే మునుపటిలా వేల మంది కూలీల పని కాదు. క్రేను నడిపేవాళ్లు, కొద్దిమంది యంత్ర పనివాళ్లు చాలు. రేవు వచ్చినంత మాత్రాన 15 వేలు తిరిగి రారు. కానీ ఉన్న 1,733 మంది పిల్లల్లో కొందరికైనా ఊళ్లోనే జీతం దొరికితే, ఆ నీటి పన్ను, ఆ బడి, ఆ కిరాణా నిలబడతాయి. అంతవరకు చాలు, కట్టండి అంటాను. కట్టేటప్పుడు ఆ పనులు ఊళ్లోవాళ్లకే ముందు ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోవాలి. చరిత్రపంతులు గారు చెప్పిన కథ మళ్లీ జరగకూడదు.

---

చరిత్రపంతులు

ఏటిగట్టు గారి చివరి వాక్యానికి నా సంతకం కూడా.

---

పటాలప్రియ

వచ్చే వేసవిలో మెంఫిస్ వెళ్తున్నాం. దారిలో ఊళ్లో ఆగుదామని ఇంట్లో అందరం అనుకున్నాం. ఎటు నుంచి వెళ్లాలి?

---

దక్షిణ_ఇల్లినాయ్

ఐ-57 వదిలి 51 నంబరు రోడ్డు పట్టుకోండి. రైలు కట్ట కింద ఏటిగట్టు గారు చెప్పిన ఉక్కు తలుపు దాటితే ఊరు. గ్రంథాలయం, ప్రదర్శనశాల తెరిచి ఉండే వేళలు ముందే ఫోను చేసి కనుక్కోండి, వారమంతా తెరిచి ఉంచేంత సిబ్బంది లేరు. నీళ్లు, పండ్లు కొనాల్సినవి ఉంటే ఊళ్లోని రైజ్ తెరిచి ఉందేమో కనుక్కుని, హైవే మీద కాకుండా అక్కడ కొనండి. తర్వాత ఊరు దాటి దక్షిణంగా వెళ్తే వంతెనల దగ్గర ఫోర్ట్ డిఫయన్స్ వస్తుంది. సంగమం అక్కడే. అది కరకట్టకు వెలుపల ఉన్న నేల కాబట్టి నది పెరిగితే దారి మునిగిపోతుంది. బయలుదేరే ముందు కేరో కొలబద్ద మట్టం చూసుకోండి, వాతావరణ శాఖ రోజూ ఇస్తుంది. 40 అడుగులకు దగ్గర్లో ఉంటే ఆ కొన దాకా వెళ్లే ఆలోచన మానుకుని, ఊళ్లో గోడ మీది నుంచి ఒహాయోను చూడండి.